బండి జోరెంత? మనమే కొలుద్దాం

పొద్దున ఎనిమిదిన్నర అయింది. ఊరి ముందు పెద్ద రోడ్డు. రోడ్డుకు ఇవతల ఇళ్లు. అవతల బడి. వదినా మరదళ్లు పిల్లను బడికి తోలుకపోతున్నారు.

"ఆగు వదినె, లారీ వస్తున్నది."

"దూరముంది గదా. దాటుదాం పా."

"వద్దొద్దు. అది మస్తు జోరుగ వస్తున్నది."

అనేలోపే లారీ రయ్యిమని పోయింది. ఇద్దరి కొంగులు గాలికి లేచాయి. పిల్ల భయపడి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూస్తివా వదినె! ఎంత జోరుగ పోయిందో!"

"ఎంత జోరుగ పోయింది?"

"ఎంతంటే... మస్తు జోరుగ."

అక్కలారా! చెల్లెళ్లారా! ఈ మాట మనందరం అంటాం. కానీ 'మస్తు జోరు' అంటే ఎంత?

పత్తి అమ్మేటప్పుడు 'మస్తు పత్తి ఉంది' అని చెప్పి ఊరుకుంటామా? ఊరుకోం. కాటా మీద పెడతాం. అంకె చూస్తాం. పాలు పోస్తే లీటర్లలో కొలుస్తాం. పిల్లకు ఒళ్లు కాలితే నర్సమ్మ థర్మామీటరు పెట్టి చూస్తుంది. కొలిస్తేనే లెక్క తేలుతుంది. లెక్క తేలితేనే ఎదుటివాళ్లు వింటారు.

బండి జోరును కూడా అట్లాగే కొలవవచ్చు. జోరును పుస్తకాల్లో 'వేగం' అంటారు. దీన్ని కొలవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక టేపు, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం చాలు. భాగహారం వస్తే చాలు.

మన దారులు

మన నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వరకు పోయే పెద్ద రోడ్డు పేరు 161వ జాతీయ రహదారి. అది నిజాంపేట మీదుగా పోతుంది. నిజాంపేట నుంచి నారాయణఖేడ్ మీదుగా బీదర్ వైపు పోయే రోడ్డు 161బి.

161వ రహదారిని వెడల్పు చేశారు. అందులో కంది నుంచి రాంసాన్‌పల్లె వరకు 40 కిలోమీటర్ల ముక్కను నాలుగు వరుసలు చేసి, 2024 మార్చి 5న ప్రారంభించారు.

రోడ్డు బాగుపడటం మంచిదే. కాన్పు నొప్పులు వస్తే ఆస్పత్రికి తొందరగా చేరవచ్చు. పంట తొందరగా మార్కెట్‌కు పోతుంది. కానీ రోడ్డు నున్నగా ఉంటే బండ్ల వేగం కూడా పెరుగుతుంది. రోడ్డు పక్కన ఊళ్లున్నాయి. తండాలున్నాయి. బళ్లున్నాయి. బస్సు కోసం నిలబడే ఆడవాళ్లున్నారు. వాళ్లకు రోడ్డు దాటక తప్పదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇది ప్రభుత్వం చెప్పిన లెక్క. చనిపోయిన ప్రతి 100 మందిలో 71 మంది మితిమీరిన వేగం వల్ల జరిగిన ప్రమాదాల్లో పోయారు.

గంటకు 60 అంటే ఏమిటి?

మన పెద్దలు దూరాన్ని కోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. ఇప్పుడు మనం కిలోమీటర్లలో చెప్తున్నాం. ఒక కిలోమీటరు అంటే 1000 మీటర్లు.

మనం గంటసేపు మామూలుగా నడిస్తే 4 కిలోమీటర్లు పోతాం. అంటే మన వేగం గంటకు 4 కిలోమీటర్లు. ఒక బండి వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. అంటే అదే వేగంతో గంటసేపు పోతే 60 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు 60 నిమిషాలు. కాబట్టి ఆ బండి నిమిషానికి ఒక కిలోమీటరు పోతుంది.

మరి సెకనుకు ఎంత పోతుంది? సెకను అంటే చాలా చిన్న సమయం. ఒకసారి చప్పట్లు కొట్టినంత. కింద చూడండి.

గంటకు 18 కిలోమీటర్ల వేగం అయితే, సెకనుకు 5 మీటర్లు.

గంటకు 36 కిలోమీటర్ల వేగం అయితే, సెకనుకు 10 మీటర్లు.

గంటకు 54 కిలోమీటర్ల వేగం అయితే, సెకనుకు 15 మీటర్లు.

గంటకు 72 కిలోమీటర్ల వేగం అయితే, సెకనుకు 20 మీటర్లు.

ఇప్పుడు రోడ్డు దాటే సంగతి చూద్దాం. రోడ్డు వెడల్పు 7 మీటర్లు అనుకుందాం. చంకలో బిడ్డతోనో, నెత్తి మీద మూటతోనో సెకనుకు ఒక మీటరు నడుస్తాం. దాటడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 7 సెకన్లలో 140 మీటర్లు వస్తుంది. అంటే 140 మీటర్ల దూరంలో ఉన్న బండి కూడా మనం అవతలికి చేరేలోపే మన మీదికి రాగలదు. 'దూరముంది గదా' అనుకోవడం అందుకే ప్రమాదం.

ఊరి ముందు వేగమే మనకు ముఖ్యం

ఒక బస్సు 80 కిలోమీటర్ల దూరం 2 గంటల్లో పోయింది అనుకుందాం. 80ని 2తో భాగిస్తే 40. అంటే సగటున గంటకు 40 కిలోమీటర్లు. వింటే ఇది పెద్ద వేగంలా అనిపించదు.

కానీ ఆ బస్సు దారంతా 40 వేగంతోనే పోయిందా? లేదు. స్టాపుల దగ్గర ఆగింది. మూల మలుపు దగ్గర మెల్లగా పోయింది. మన బడి ముందు మాత్రం 70 వేగంతో పోయి ఉండవచ్చు.

రోడ్డు దాటే పిల్లకు సగటు వేగం తగలదు. ఆ చోట, ఆ క్షణంలో బండికి ఎంత వేగం ఉందో అదే తగులుతుంది. అందుకే రోడ్డు మీద ఒక్క చోటును పట్టుకొని, అక్కడి వేగాన్ని కొలవాలి. రోడ్డు ఇంజనీర్లు కూడా ఇట్లాగే ఒక చోట నిలబడి కొలుస్తారు.

కొలిచే పద్ధతి

దీనికి ముగ్గురు కావాలి. పొదుపు సంఘంలోని ముగ్గురు కలిస్తే చాలు.

ముందుగా చోటు ఎంచుకోవాలి. బడి ముందో, బస్సు ఆగే చోటో అయితే మంచిది. రోడ్డు తిన్నగా ఉండాలి.

తర్వాత రోడ్డు పక్కన 100 మీటర్లు కొలవాలి. మేస్త్రీ దగ్గర పెద్ద టేపు ఉంటుంది. లేకపోతే 10 మీటర్ల తాడు తీసుకొని పదిసార్లు కొలవండి. రోడ్డు మీదికి పోవద్దు. పక్కన మట్టి మీదనే కొలవండి. ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత ముగ్గుతో గీయండి.

మొదటి గీత దగ్గర ఒక అక్క నిలబడాలి. ఆమె చేతిలో రంగు గుడ్డ ఉండాలి. గుడ్డను పైకి ఎత్తి పట్టుకోవాలి. బండి ముందు చక్రం గీతకు సరిగ్గా రాగానే గుడ్డను కిందికి దించాలి.

రెండో గీత దగ్గర ఇంకొక అక్క నిలబడాలి. ఆమె చేతిలో సెల్‌ఫోన్ ఉండాలి. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది. గుడ్డ దిగగానే దాన్ని మొదలు పెట్టాలి. బండి ముందు చక్రం తన గీతకు రాగానే ఆపాలి. ఎన్ని సెకన్లు పట్టిందో గట్టిగా చెప్పాలి.

మూడో అక్క నోటు పుస్తకంలో రాయాలి. ఏ బండి? లారీనా, బస్సా, కారా, ఆటోనా, మోటారు సైకిలా? ఎన్ని సెకన్లు?

ఇక లెక్క. 100 మీటర్ల దూరానికి 360ని సెకన్లతో భాగిస్తే చాలు. వచ్చినదే గంటకు ఎన్ని కిలోమీటర్లు అనే వేగం.

360 ఎందుకు? గంటకు 3600 సెకన్లు. కిలోమీటరుకు 1000 మీటర్లు. 100 మీటర్లు అంటే కిలోమీటరులో పదో వంతు. 3600లో పదో వంతు 360. అంతే.

18 సెకన్లు పడితే, వేగం 20.

12 సెకన్లు పడితే, వేగం 30.

9 సెకన్లు పడితే, వేగం 40.

8 సెకన్లు పడితే, వేగం 45.

6 సెకన్లు పడితే, వేగం 60.

5 సెకన్లు పడితే, వేగం 72.

4 సెకన్లు పడితే, వేగం 90.

సెకన్లు తగ్గితే వేగం పెరుగుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

పొరపాట్లు రాకుండా

చెయ్యి కొంచెం ఆలస్యం అయితే లెక్క మారుతుంది. 6 సెకన్లకు వేగం 60. అర సెకను తక్కువ చూస్తే 65 వస్తుంది. అర సెకను ఎక్కువ చూస్తే 55 వస్తుంది. అందుకే ముందు పది బండ్లు చూసి అలవాటు చేసుకోండి. ఆ తర్వాతే రాయడం మొదలు పెట్టండి.

దూరం మరీ తక్కువ తీసుకోవద్దు. 20 మీటర్లే తీసుకుంటే 60 వేగంతో పోయే బండికి ఒక సెకను కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. అప్పుడు అర సెకను తక్కువ చూస్తే లెక్కలో 100 దాటిపోతుంది. దూరం 100 మీటర్లు ఉంటే తప్పు చిన్నదిగా ఉంటుంది.

జోరుగా పోయే బండ్లనే ఏరి రాయవద్దు. అట్లా రాస్తే అది మన కోపం అవుతుంది కానీ లెక్క కాదు. ప్రతి మూడో బండిని రాయండి. అది మెల్లగా పోయినా రాయండి.

ఒక ట్రాక్టరు వెనక నాలుగు బండ్లు చిక్కుకొని పోతుంటే, ముందున్న దాన్నే రాయండి. వెనకవి దాని వేగంతోనే పోక తప్పదు.

అందరికీ కనబడేట్టు గుంపుగా నిలబడవద్దు. మనుషులను చూసి డ్రైవర్లు బ్రేకు వేస్తారు. అప్పుడు రోజూ పోయే వేగం తెలియదు. గుడ్డ పట్టుకున్న అక్క కూడా చెట్టు నీడకు నిలబడితే మేలు.

అన్నిటికంటే ముఖ్యం, రోడ్డుకు దూరంగా నిలబడాలి. బండికి అడ్డం పోవద్దు. ఆపవద్దు. చీకట్లో కొలవవద్దు. పిల్లలను వెంట తీసుకపోవద్దు.

పది బండ్ల లెక్క

ఒక ఊళ్లో పది బండ్లను కొలిచారు అనుకుందాం. వాటి వేగాలు తక్కువ నుంచి ఎక్కువకు ఇట్లా ఉన్నాయి:

30, 36, 40, 40, 45, 45, 60, 60, 72, 72.

అన్నిటినీ కూడితే 500. పదితో భాగిస్తే 50. సగటు వేగం 50.

ఆ రోడ్డు పక్కన '50' అని బోర్డు ఉంది అనుకుందాం. సగటు చూసి 'అంతా బాగానే ఉంది' అనవచ్చా? అనకూడదు. పదింటిలో నాలుగు బండ్లు 50 దాటి పోయాయి. రెండు బండ్లు 72 వేగంతో పోయాయి. సగటు ఒక్కటే చెప్తే ఆ రెండు బండ్ల సంగతి దాగిపోతుంది. మన పిల్లకు ప్రమాదం ఆ రెండింటి నుంచే.

అందుకే రోడ్డు ఇంజనీర్లు ఇంకొక లెక్క కూడా చూస్తారు. 100 బండ్ల వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాస్తారు. 85వ బండి వేగం ఎంతో చూస్తారు. ఆ చోట ఎక్కువ మంది ఏ వేగం లోపల పోతున్నారో దానితో తెలుస్తుంది.

మనం పది బండ్లతో ఆపవద్దు. కనీసం 50 బండ్లను కొలవాలి. బడి మొదలయ్యే వేళ ఒకరోజు, బడి వదిలే వేళ ఒకరోజు కొలిస్తే ఇంకా మంచిది.

పోలీసుల దగ్గర ఉండే యంత్రం

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. దాని మీద పోలీసులు లేజర్ గన్ అనే యంత్రంతో వేగం కొలుస్తారు. గన్ అంటే తుపాకీ. కానీ దీనిలో గుండు ఉండదు. వెలుగు ఉంటుంది.

ఆ యంత్రం బండి మీదికి మన కంటికి కనబడని వెలుగును పంపుతుంది. వెలుగు బండికి తగిలి తిరిగి వస్తుంది. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అది పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో యంత్రానికి తెలుస్తుంది. సెకను లోపలే ఇట్లా చాలాసార్లు కొలుస్తుంది. ప్రతిసారి దూరం ఎంత తగ్గిందో చూసి వేగం చెప్తుంది.

ఇంకొక యంత్రం పేరు రాడార్. దీని సంగతి బస్సు హారనుతో తెలుసుకోవచ్చు. బస్సు హారను కొడుతూ మన వైపు వస్తుంటే చప్పుడు సన్నగా, కీచుగా ఉంటుంది. మనల్ని దాటి పోగానే బొంగురు పోతుంది. బస్సు కదలడం వల్లనే చప్పుడు అట్లా మారుతుంది. ఈ సంగతిని ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త డాప్లర్ 1842లో చెప్పాడు. రాడార్ యంత్రం చప్పుడుకు బదులు రేడియో తరంగాలను పంపుతుంది. బండికి తగిలి వచ్చిన తరంగం ఎంత మారిందో చూసి వేగం చెప్తుంది.

యంత్రం పెద్దదే. కానీ లేజర్ గన్ చేసే పనిలో ఉన్నది మన లెక్కే. ఎంత దూరం? ఎంత సమయం?

వేగం రెట్టింపైతే

వేగం రెట్టింపైతే ప్రమాదం కూడా రెట్టింపే అనుకుంటాం. అది తప్పు.

ఒక బండి 36 వేగంతో పోతోంది. డ్రైవరు పిల్లను చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పట్టింది. అంతలోనే బండి 10 మీటర్లు పోయింది. బ్రేకు పడ్డాక ఇంకా 8 మీటర్లు పోయి ఆగింది అనుకుందాం. మొత్తం 18 మీటర్లు.

అదే బండి 72 వేగంతో పోతే? కాలు పెట్టేలోపే 20 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక 8కి నాలుగింతలు, అంటే 32 మీటర్లు పోతుంది. మొత్తం 52 మీటర్లు. పిల్ల 30 మీటర్ల దూరంలో ఉంటే మొదటి బండి ఆగుతుంది. రెండో బండి ఆగదు.

దెబ్బ కూడా అట్లాగే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మాట చెప్పింది. నడిచే మనిషిని 50 వేగంతో గుద్దిన కారు కంటే 65 వేగంతో గుద్దిన కారు వల్ల చావు ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువ. వేగం పెరిగింది 15 మాత్రమే. కొద్దిగా వేగం తగ్గినా ప్రాణం దక్కవచ్చు.

లెక్క చేతికి వచ్చాక

రోడ్డు పక్కన గుండ్రని బోర్డు ఉంటుంది. అంచు ఎర్రగా ఉంటుంది. మధ్యలో అంకె ఉంటుంది. ఆ అంకె దాటి బండి నడపకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ఈ మాట చెప్తుంది. ఆ అంకె చదవడం ఇప్పుడు మీకు వచ్చు. మీ ఊరి ముందు బోర్డు ఉందా? ఉంటే ఎంత అని ఉంది? లేకపోతే అదే మన మొదటి కోరిక.

మన లెక్కతో ఎవరికీ జరిమానా పడదు. ఒక డ్రైవరును పట్టుకొని తగాదా పడటానికి కూడా ఇది కాదు. అధికారులు వచ్చి తమ యంత్రంతో కొలవాలి. అందుకు మన లెక్క కారణం చూపిస్తుంది.

కొందరు కోపం వచ్చి రోడ్డు మీద మట్టి, రాళ్లు పోసి అడ్డుకట్ట వేస్తారు. అది చాలా ప్రమాదం. రాత్రిపూట మోటారు సైకిలు మీద వచ్చేవాళ్లు పడిపోతారు. అందులో మన ఇంటివాళ్లే ఉండవచ్చు. స్పీడ్ బ్రేకరుకు ఒక కొలత ఉంది. ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. దాని మీద తెల్ల గీతలు ఉండాలి. జాతీయ రహదారి మీద మామూలుగా స్పీడ్ బ్రేకర్లు వేయరు. అక్కడ బోర్డులు, వీధి దీపాలు, దాటే చోట తెల్ల గీతలు, బండి గడగడలాడే గట్టి గీతలు అడగవచ్చు.

గ్రామసభలో లెక్క చదివి వినిపించండి. పంచాయతీతో తీర్మానం చేయించండి. ఆ తీర్మానం కాపీతో పోలీస్ స్టేషన్‌కు, రోడ్ల శాఖ ఆఫీసుకు, కలెక్టరు గారికి దరఖాస్తు ఇవ్వండి. రసీదు తప్పక తీసుకోండి. దరఖాస్తు ఇట్లా రాయవచ్చు:

"అయ్యా, మా ఊరి బడి ముందు పిల్లలు రోజూ రోడ్డు దాటుతారు. —— తేదీన ఉదయం 8 గంటల నుంచి 9 గంటల వరకు మేము 50 బండ్ల వేగం కొలిచాము. అందులో —— బండ్లు బోర్డు మీద ఉన్న వేగం దాటి పోయాయి. అన్నిటికంటే ఎక్కువ వేగం ——. లెక్క కాగితం దీనితో జత చేశాము. మీరు వచ్చి కొలిచి, వేగం తగ్గేట్టు చేయాలని కోరుతున్నాము."

కింద అందరూ సంతకాలు చేయండి. వేలిముద్ర వద్దు. సంతకమే.

మళ్లీ రోడ్డు దగ్గరికి

వదినా మరదళ్లు మళ్లీ రోడ్డు పక్కన నిలబడ్డారు. ఈసారి చేతిలో నోటు పుస్తకం ఉంది. లారీ రయ్యిమని పోయింది.

"ఎంత జోరుగ పోయింది వదినె?"

"ఐదు సెకన్లు పట్టింది. 360ని ఐదుతో భాగించు."

"డెబ్బై రెండు!"

"రాయి. రేపు గ్రామసభల మనమే చదవాలె."

మీరు చేయండి

1. 100 మీటర్లు పోవడానికి ఒక ఆటోకు 10 సెకన్లు పట్టింది. దాని వేగం ఎంత?

2. ఒక మోటారు సైకిలుకు 4 సెకన్లు పట్టింది. దాని వేగం ఎంత?

3. మీ ఊళ్లో పిల్లలు ఎక్కడ రోడ్డు దాటుతారు? అక్కడ ఏ బోర్డు ఉంది? చూసి రాయండి.

మొదటి లెక్కకు జవాబు 36. రెండో లెక్కకు జవాబు 90. మూడో దానికి జవాబు మీ ఊరి రోడ్డు మీద ఉంది.